దక్షిణ సముద్ర తీరాల పాత నౌకాపటాలు: మన ఇంటికి ఏది కొనాలి?

తిరుపతి నుంచి నేరుగా దక్షిణానికి ఒక గీత గీసి చూడండి. అది తమిళనాడు మీదుగా సాగి ధనుష్కోటి దగ్గర నేలను వదులుతుంది. శ్రీలంకకు పడమటి పక్కగా సముద్రంలోకి దిగాక మరి ఒక్క దీవిని కూడా తాకదు. మొత్తం 9,000 కిలోమీటర్లకు పైగా సాగి అంటార్కిటికాలోని ఇన్‌గ్రిడ్ క్రిస్టెన్సెన్ తీరాన్ని చేరుతుంది. 2012లో మొదలైన మన భారతి పరిశోధన కేంద్రం ఆ తీరంలోనే ఉంది. దారిలో గీతకు పడమరగా ఆమ్‌స్టర్‌డామ్, సెయింట్ పాల్ దీవులు, ఇంకా దిగువన కెర్గ్యులెన్, హర్డ్ దీవులు ఉంటాయి. తూర్పున చాలా దూరంలో ఆస్ట్రేలియా పడమటి తీరం ఉంటుంది.

ఈ తీరాల పాత నౌకాపటం ఒకటి ఇంట్లో ఉండాలని కోరుకునేవారు మన ఊళ్లో నేను అనుకున్నంత తక్కువమంది కారు. పిల్లలు పెర్త్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడినవారు కొందరు. భూగోళం చెప్పే ఉపాధ్యాయులు కొందరు. పాత కాగితం మీద ప్రేమతో వచ్చేవారు ఇంకొందరు. అందరూ ఒకచోటే ఆగిపోతారు: డచ్చివారిదా, ఫ్రెంచివారిదా, ఇంగ్లీషు యాత్రాగ్రంథంలోదా, బ్రిటిష్ నౌకాదళ కార్యాలయమైన అడ్మిరాల్టీదా, లేక మంచి నకలు చాలా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదటి పటంగా 19వ శతాబ్దపు అడ్మిరాల్టీ పటం కొనండి. అంత ఖర్చు పెట్టలేకపోతే, నకలని ఒప్పుకునే నకలు కొనండి. రంగురంగుల డచ్చి పటం అందమైనదే, కానీ దానితో మొదలుపెట్టవద్దు. ఎందుకంటే నౌకాపటం మొదట ఒక పనిముట్టు. ఎవరో ఓడలో నిలబడి, సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదిలి, కనిపించినదాన్ని కాగితం మీద పెట్టారు. కనిపించనిచోట ఖాళీ వదిలారు. ఆ పని ఎక్కడ స్పష్టంగా కనిపిస్తుందో ఆ పటమే ఏళ్ల తరబడి చూసినా విసుగు పుట్టించదు.

కొనేముందు దేన్ని చూడాలి

అన్నిటికంటే ముందు చూడవలసింది, ఆ తీరాన్ని గీసినవాడు దాన్ని చూశాడా లేదా అన్నది. దక్షిణ తీరాల పటాల్లో ఊహకు చాలా చోటు దొరికింది. దక్షిణాన ఒక మహాఖండం ఉండితీరాలన్న నమ్మకం శతాబ్దాలపాటు గీతలు గీయించింది. లోతు అంకెలు తీరం వెంబడి వరుసగా ఉన్నాయంటే అక్కడ ఎవరో కొలిచారని అర్థం. ఆ అంకెలు చాలావరకు ఫ్యాదముల్లో ఉంటాయి. ఒక ఫ్యాదము ఆరడుగులు, అంటే మన బార. బావి తాడు ఎన్ని బారలని అడిగే చిత్తూరు జిల్లా పెద్దవారికి ఆ కొలత విడమరచి చెప్పనక్కరలేదు. అంకెల పక్కన ఇసుక, బురద, గవ్వలు అని సూచించే పొట్టి అక్షరాలు కూడా ఉంటాయి. సీసపు గుండు అడుగున కొవ్వు పూసి దింపితే సముద్రపు అడుగున ఉన్నది దానికి అంటుకుని పైకి వచ్చేది. ఆ అక్షరాలు అలా వచ్చినవే.

రెండోది, మీ చేతిలోని ప్రతి ఎప్పుడు అచ్చయిందన్నది. పటం మీద ఉన్న సంవత్సరం చాలాసార్లు రాగిరేకును మొదట చెక్కిన సంవత్సరం మాత్రమే. ఆ రేకు నుంచి ఎన్నో దశాబ్దాలు ప్రతులు తీసి ఉండవచ్చు. అడ్మిరాల్టీ పటాల విషయంలో దీనికి మళ్లీ వస్తాను.

మూడోది కాగితం. 18వ శతాబ్దం దాకా కాగితాన్ని పాత నార, నూలు గుడ్డల గుజ్జుతో చేసేవారు. అది గట్టిది. 19వ శతాబ్దం నడిమికి చెక్కగుజ్జు వచ్చింది. దాంతో చేసిన చవక కాగితంలో ఆమ్లం ఉండి పసుపెక్కి పెళుసవుతుంది. కాబట్టి పాతదంతా బలహీనం అనుకోకూడదు. 1750 నాటి కాగితం 1890 నాటిదాని కంటే దృఢంగా ఉండడం నేను చాలాసార్లు చూశాను.

నాలుగోది మన వాతావరణం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ. కాగితం ఎండి ముడుచుకుని, మళ్లీ తేమ పీల్చి ఉబ్బుతుంది. లండనులో రెండు వందల ఏళ్లు నిలిచిన పటం తిరుపతిలో పదేళ్లలో మచ్చలు పడవచ్చు. చెదలు, పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులు సరేసరి.

మిగిలినవి గోడ కొలత, మొత్తం ఖర్చు. పటం ధర మీద సుంకం, రవాణా, పటం కట్టించడం కలిపి లెక్క వేసుకోవాలి.

డచ్చి పటాలు: అందం ఎక్కువ, జాగ్రత్త ఇంకా ఎక్కువ

పులికాట్‌లో డచ్చివారు 1613లో కోట కట్టారు. సూళ్లూరుపేట దాటి సరస్సు అవతలి ఒడ్డుకు వెళితే ఇప్పటికీ వారి సమాధిరాళ్లు కనిపిస్తాయి. కోరమాండల్ బట్టల బేళ్లు అక్కడి నుంచి జావా దీవిలోని బటావియాకు (నేటి జకార్తా) వెళ్లేవి. హాలండు నుంచి అదే జావాకు వచ్చే ఓడలకు 1611లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి నావికుడు ఒక కొత్త దారి చూపాడు: గుడ్‌హోప్ అగ్రం దాటాక బాగా దక్షిణానికి దిగి, బలమైన పడమటి గాలులతో తూర్పుకు సాగి, సరైన చోట ఉత్తరానికి తిరగాలి. అప్పట్లో సముద్రం మీద రేఖాంశాన్ని కచ్చితంగా తెలుసుకునే సాధనం లేదు. ఆలస్యంగా తిరిగిన ఓడలు ఆస్ట్రేలియా పడమటి తీరాన తేలేవి. డిర్క్ హార్టోగ్ 1616లో అలాగే అక్కడికి చేరాడు. 1627లో పీటర్ నైట్స్ ఉన్న ఓడ దక్షిణ తీరం వెంట చాలా దూరం సాగింది. డచ్చి పటాల్లో ఆస్ట్రేలియా సగమే ఉండి మిగతా సగం తెల్లగా ఉండడానికి ఇదొక కారణం. ఓడలు దారి తప్పి చూసిన తీరాలు, పనిగట్టుకుని వెతికి చూసిన మరికొన్ని తీరాలు మాత్రమే ఆ పటాల్లోకి ఎక్కాయి.

పీటర్ గూస్ 1666లో వేసిన సముద్రపటాల సంపుటి, ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ క్యూలెన్ కుటుంబం అచ్చువేసిన పటాలు ఈ కోవలో పేరున్నవి. డచ్చి కంపెనీ చేతిరాత ప్రతులుగా దాచుకున్న ఆసియా జలాల పటాలను వాన్ క్యూలెన్ సంస్థ 1753లో తమ సముద్రపటాల గ్రంథంలో ఆరో సంపుటంగా బయటపెట్టింది.

వీటి ఆకర్షణంతా దిక్సూచి పువ్వులు, ఓడలు, చేతితో వేసిన రంగులు. ప్రమాదం కూడా ఆ రంగుల్లోనే ఉంది. పాత డచ్చి పటాల్లోని ఆకుపచ్చ చాలావరకు రాగి చిలుము నుంచి తీసినది. పూజగదిలో రాగి చెంబును కొన్నాళ్లు తోమకుండా వదిలేస్తే పట్టే చిలుమే అది. కాగితం మీద అది నెమ్మదిగా పనిచేస్తూ ఆ చోటును గోధుమరంగులోకి తిప్పి, చివరికి పగులగొడుతుంది. తేమ ఉంటే ఈ పని వేగంగా జరుగుతుంది. అందుకే కొనేముందు పటం వెనకవైపు ఫోటో తప్పక అడగండి. ముందువైపు ఆకుపచ్చ గీత ఉన్నచోటే వెనక గోధుమరంగు గీత కనిపిస్తే, తిరుపతి గోడకు ఆ పటం వద్దు.

రంగులో ఇంకో చిక్కు ఉంది. రంగు లేకుండా అచ్చయిన పాత పటానికి ఈ మధ్య రంగు వేసి, పాత రంగుగా ధర చెప్పేవారు ఉంటారు. శ్రీకాళహస్తి కలంకారి గీసే నేర్పరి చేతికి ఇలాంటి పటాన్ని ఇచ్చి చూడండి. కుంచె ఎక్కడ ఆగింది, రంగు కాగితంలోకి ఎంత ఇంకింది, ఏ రంగు పైపైన కూర్చుంది అన్నవి ఆ కంటికి చప్పున తెలుస్తాయి. అమ్మేవారి ధ్రువపత్రం కంటే నేను ఆ కంటినే ఎక్కువ నమ్ముతాను.

ఫ్రెంచి పటాలు: చిన్న గోడకు, చిన్న ఖర్చుకు

జాక్ నికొలా బెల్లిన్ 1703 నుంచి 1772 వరకు జీవించాడు. ఫ్రెంచి నౌకాదళ పటాల కార్యాలయంలో పనిచేసి లెక్కకు మించిన పటాలు చేశాడు. వాటిలో చాలా భాగం యాత్రాగ్రంథాల్లో మడతపెట్టి కుట్టిన చిన్న పటాలు. అసలు పాత పటం తక్కువ ఖర్చుతో కావాలంటే మొదట వీటినే చూడాలి. మడత గీతలు ఉండడం లోపం కాదు. మడత వెంట చిరుగును వెనక ఏ కాగితంతో అతికారో మాత్రం చూడండి. పారదర్శక టేపు అయితే వదిలేయండి. దాని జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది.

బెల్లిన్ 1753లో చేసిన దక్షిణ భూముల పటం నాకు ప్రాణప్రదం. అప్పటికి ఆస్ట్రేలియా తూర్పు తీరాన్ని యూరపువారు ఎవరూ గీసి ఉండలేదు. బెల్లిన్ అక్కడ ఊహాగీత గీశాడు. గీసి ఊరుకోకుండా, ఈ భూములు కలిసి ఉండవచ్చని నేను అనుకుంటున్నాను కానీ రుజువు లేదన్న అర్థం వచ్చే మాట పటం మీదే రాశాడు. ఇంగ్లీషు నావికుడు కుక్ ఆ తీరానికి వచ్చింది 1770లో. తాను చెప్పేదాంట్లో ఎంత తెలుసో ఎంత తెలియదో పటం మీదే రాసిపెట్టిన ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఫ్రెంచివారి పెద్ద పటాలు వేరే స్థాయివి. సముద్రంలో జాడ తెలియకుండా పోయిన ఫ్రెంచి నావికుడు లా పెరూజ్‌ను వెతుకుతూ వెళ్లిన దాంత్రకాస్తో యాత్రలో బోతాం-బోప్రే దక్షిణ టాస్మానియా తీరాన్ని కొలిచిన తీరు తరువాతి తరాలకు పాఠమైంది. ఆ పటాలు 1807లో అచ్చయ్యాయి. ఆస్ట్రేలియా తీరాలకు వెళ్లిన బోదాన్ యాత్ర పటాలను ఫ్రేసినే 1811 నుంచి వెలువరించాడు. ఇవి దొరకడం కష్టం, దొరికితే ధర ఎక్కువ. ఇంతకుముందే ఒకటి రెండు పటాలు సాకిన అనుభవం ఉన్నవారికే వీటిని సూచిస్తాను.

ఇంగ్లీషు యాత్రాగ్రంథాల పటాలు: కథ కావాలనుకునేవారికి

కుక్ 1769 అక్టోబరు నుంచి 1770 మార్చి వరకు న్యూజీలాండ్ చుట్టూ తిరిగి గీసిన పటం 1773 నాటి యాత్రాగ్రంథంలో వచ్చింది. దాంట్లో రెండు పొరపాట్లు ఉన్నాయి. బ్యాంక్స్ ద్వీపకల్పాన్ని దీవిగా గీశాడు. స్టీవర్ట్ దీవిని ప్రధాన భూభాగానికి కలిపేశాడు. పటంలో మిగతా భాగం ఆశ్చర్యపడేంత కచ్చితంగా ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ పటాన్నీ ఇప్పటి పటాన్నీ పక్కపక్కన పెట్టి ఆ రెండు చోట్లూ వెతకమనండి.

రెండో యాత్ర పటాలు 1777లో వచ్చాయి. కుక్ 1775 జనవరిలో దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా తీరం వెంట వెళుతూ అది మహాఖండపు అంచేమో అనుకున్నాడు. తీరం మలుపు తిరిగి అది దీవేనని తేలినచోట ఉన్న అగ్రానికి నిరాశ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఇప్పటికీ ఉంది. మూడో యాత్రలో 1776 డిసెంబరులో కెర్గ్యులెన్ చేరాడు. అంతకు నాలుగేళ్ల ముందు దాన్ని కనిపెట్టిన ఫ్రెంచి నావికుడు కెర్గ్యులెన్ అది గొప్ప దక్షిణ ఖండమని రాజుగారికి చెప్పి, తరువాత సైనిక విచారణకు, జైలుకు గురయ్యాడు. కుక్ ఆ దీవి ఉత్తర, తూర్పు తీరాలను చూశాడు. తన పటంలో అంతే గీశాడు.

ఇంగ్లీషు నావికుడు ఫ్లిండర్స్ పటాలది బాధాకరమైన కథ. ఆస్ట్రేలియా చుట్టూ తిరిగి కొలిచి ఇంగ్లండుకు వెళుతూ 1803లో మారిషస్‌లో ఫ్రెంచివారికి చిక్కాడు. ఆరేళ్లకు పైగా అక్కడే బందీ. ఆయన పటాలు వెలువడేలోపే దక్షిణ తీరంలో ఆయన కొలిచిన అఖాతాలకు బోనపార్ట్, జోసెఫీన్ పేర్లతో ఫ్రెంచి పటాలు బయటికి వచ్చాయి. ఫ్లిండర్స్ గ్రంథం, పటాలు 1814 జులై 18న వెలువడ్డాయి. మరునాడు ఆయన చనిపోయాడు. మీ పిల్లలు అడిలైడ్‌లో ఉంటే, అక్కడికి పడమరన ఉన్న స్పెన్సర్ అఖాతం ఫ్రెంచి పటంలో ఏ పేరుతో ఉందో ఫ్లిండర్స్ పటంలో ఏ పేరుతో ఉందో పోల్చి చూపించండి. ఏ బహుమతీ దానికి సాటి రాదు. అసలు ఫ్లిండర్స్ పటాలు చాలా ఖరీదు కాబట్టి ఈ జంటకు నకళ్లే దారి.

ఈ పటాలన్నీ పుస్తకాల నుంచి విడదీసినవి. మంచి పుస్తకాన్ని విప్పి పటాలు అమ్మడం నాకు నచ్చదు. అప్పటికే విడిపోయిన పటం కొనడం వేరు. కొత్తగా విప్పించి కొనడం వేరు. అమ్మేవారిని ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడవద్దు.

అడ్మిరాల్టీ పటాలు: నా ఎంపిక

బ్రిటిష్ అడ్మిరాల్టీ నౌకాపటాల కార్యాలయం 1795లో ఏర్పడింది. దాని మొదటి అధిపతి అలెగ్జాండర్ డాల్రింపుల్ కుర్రవాడిగా మద్రాసులో కంపెనీ గుమాస్తాగా జీవితం మొదలుపెట్టినవాడు. దక్షిణ మహాఖండం ఉందని గట్టిగా వాదించినవాడు కూడా ఆయనే. 1821 నుంచి ఈ పటాలను బయటివారికీ అమ్మడం మొదలైంది. 1829 నుంచి 1855 వరకు బ్యూఫోర్ట్ అధిపతిగా ఉన్న కాలంలో ప్రపంచంలోని మారుమూల తీరాలకు ఓడలు వెళ్లి కొలిచాయి. కింగ్, ఫిట్జ్‌రాయ్ 1826 నుంచి 1836 వరకు రెండు దఫాలుగా దక్షిణ అమెరికా కొసనున్న మెజెలాన్ జలసంధి, టియెరా డెల్ ఫ్యూగో తీరాలను కొలిచారు. మొదటి దఫాలో బీగిల్ ఓడను నడిపిన ప్రింగిల్ స్టోక్స్ ఆ చలిలో, ఒంటరితనంలో కుంగిపోయి 1828లో తనను తాను తుపాకీతో కాల్చుకున్నాడు. ఆ తీరం పటాన్ని చూసేటప్పుడు అంకెల వెనక అలాంటి జీవితాలు ఉన్నాయని గుర్తుంటుంది.

ఈ పటాల్లో రంగు దాదాపు ఉండదు. మొదటి చూపుకు బోసిగా కనిపిస్తాయి. పది నిమిషాలు కూర్చుంటే మాత్రం చదవడానికి అంతులేదు. లంగరు వేసే చోట్లు, నీటి అడుగున రాళ్లు, ఓడ మీద నుంచి కనిపించే కొండల వరుస చిత్రాలు, కొలవని తీరానికి చుక్కల గీతలు అన్నీ ఉంటాయి. చిలుము రంగు లేదు కాబట్టి మన తేమలో ఆ భయమూ లేదు. కాగితం సాధారణంగా మందమైనది.

వయసు కట్టడం ఇక్కడ తేలిక, తెలియకపోతే మోసపోవడమూ తేలికే. పటం కింది అంచు మధ్యలో మొదట ప్రచురించిన తేదీ ఉంటుంది. ఆ దగ్గరే పెద్ద సవరణల తేదీలు, ఎడమ మూల చిన్న సవరణల తేదీలు ఉంటాయి. 1841లో ప్రచురించినట్టు రాసి, చిన్న సవరణల వరసలో చివరిది 1912 అని ఉంటే మీ చేతిలోనిది 1912 లేదా ఆ తరువాతి ప్రతి. అది కొనకూడదని కాదు. 1841 ప్రతి ధర ఇవ్వకూడదు, అంతే. చాలా పటాల కింది మూలలో బ్రాకెట్లలో అంగుళాల కొలత కూడా కనిపిస్తుంది. తడిపిన కాగితం మీద అచ్చు వేయడంవల్ల ఆరాక కాగితం కుదించుకుపోయేది. ఎంత కుదించుకుందో ఓడవారు తెలుసుకోవడానికి లోపలి చట్రం అసలు కొలతను అలా ముద్రించారు.

ఓడలో వాడిన పటమైతే పెన్సిలు గీతలు, తేదీలు, ఒక్కోసారి గిన్నె గుండ్రం మరక కూడా ఉంటాయి. కొందరు వాటిని లోపంగా చూస్తారు. ఆ గీతలను చెరిపించి అమ్మే పటం కంటే గీతలతో ఉన్న పటాన్నే నేను కోరుకుంటాను.

కష్టం ఒక్కటే, పరిమాణం. నిండు పటం సుమారు 40 అంగుళాల పొడవు, 27 అంగుళాల వెడల్పు ఉంటుంది. రెండు పడకగదుల ఇంట్లో దీనికి గోడ వెతకాలి. చిన్న రేవుల పటాలు కొన్ని సగం కాగితం మీద ఉంటాయి. అపార్టుమెంటువారు వాటిని చూడవచ్చు.

నీలి వెనుక పటాలు

లండనులోని లారీ, నోరీ, ఇమ్రే వంటి ప్రైవేటు ప్రచురణకర్తలు వర్తక ఓడల కోసం చేసినవి ఇవి. వెనక నీలిరంగు మందపు కాగితం అతికించి ఉంటుంది. మద్రాసు రేవుకు వచ్చిన తెరచాప ఓడల్లో ఇలాంటివి వాడారు. మీటరుకు మించిన పొడవు, చుట్టగా చుట్టిన అలవాటు, అతుకులు. ఒక తీరాన్ని వివరంగా చూపడం కంటే ఒక మహాసముద్రాన్ని దాటించడమే వీటి పని. దక్షిణ తీరాల కోసం వెతికేవారికి ఇవి నా సలహాలో చివరివి.

నకళ్లు

ఇంటర్నెట్‌లో డేవిడ్ రమ్సీ సంగ్రహం, ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం, ఫ్రెంచి జాతీయ గ్రంథాలయపు గాలికా వంటి చోట్ల ఈ పటాల చాలా స్పష్టమైన ప్రతిబింబాలు దొరుకుతాయి. వాడుక షరతులు చదివి దించుకుని అచ్చు వేయించుకోవచ్చు. ఫ్లెక్సీ మీద, వినైల్ మీద వద్దు. ఆమ్లం లేని నూలు కాగితం, పిగ్మెంటు సిరా అడగండి. తిరుపతిలో దొరకకపోతే చెన్నై మూడు నాలుగు గంటల దారి. అసలు కొలతకే అచ్చు వేయించండి. కుదిస్తే లోతు అంకెలు చదవలేరు. వెనక నకలు అని, అచ్చు వేయించిన ఏడాది వేసి రాయండి. మీ తరువాత అది ఎవరి చేతికి వెళుతుందో తెలియదు.

| రకం | తీరం చూసి గీసిందా | మన తేమలో | గోడ | ఖర్చు |
|---|---|---|---|---|
| డచ్చి, 17–18 శతాబ్దాలు | కొంత చూసి, మిగతా ఖాళీ | ఆకుపచ్చ రంగు ఉంటే ప్రమాదం | మధ్యస్థం | చాలా ఎక్కువ |
| బెల్లిన్ చిన్న పటాలు | విన్నది, చదివినది కూర్చి | బాగా నిలుస్తుంది | చిన్నది | తక్కువ |
| కుక్, ఫ్లిండర్స్ | చూసి గీసింది | బాగా నిలుస్తుంది | మధ్యస్థం | ఎక్కువ, కొన్ని చాలా ఎక్కువ |
| అడ్మిరాల్టీ | కొలిచి గీసింది | నిలుస్తుంది | పెద్దది | తక్కువ నుంచి మధ్యస్థం |
| నీలి వెనుక | ఇతరుల కొలతల నుంచి | అతుకులు విడే భయం | చాలా పెద్దది | మధ్యస్థం |
| నకలు | అసలుదాన్ని బట్టి | భయం లేదు | మీ ఇష్టం | అతి తక్కువ |

పటం కట్టించేటప్పుడు

మన భాషలో దేవుడి బొమ్మకు చట్రం వేయించినా పటం కట్టించడమే అంటాం. తిరుపతిలో ఆ పనికి దుకాణాలకు కొదవ లేదు. వేంకటేశ్వరస్వామి పటాలు కట్టే చేతులు చాలా నేర్పైనవి. కానీ వారి అలవాటు పద్ధతి బొమ్మను ప్లైవుడ్‌కు జిగురుతో అతికి, అద్దాన్ని ఆనించి, వెనక మేకులు కొట్టడం. నా మొదటి బెల్లిన్ పటానికి అదే జరిగింది. ఎలా కట్టాలో నేను ముందుగా చెప్పలేదు. వారు తమకు తెలిసినట్టే శ్రద్ధగా కట్టారు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి జిగురు మరకలు ముందువైపుకు వచ్చాయి. ఆ పటం ఇక ఎప్పటికీ ప్లైవుడ్ నుంచి విడిపోదు.

కాబట్టి ఇలా చెప్పండి. జిగురు ఎక్కడా వద్దు. పటాన్ని ఆమ్లం లేని బోర్డు మీద, బియ్యపు లేదా గోధుమ గంజితో అతికిన పలచని జపాను కాగితపు పట్టీలతో పై అంచున మాత్రమే వేలాడదీయాలి. అద్దానికీ పటానికీ మధ్య కిటికీలా కోసిన బోర్డు ఉండాలి. చట్రం వెనక కింది మూలల్లో చిన్న బెండు బిళ్లలు అతికితే గోడకూ చట్రానికీ మధ్య గాలి ఆడుతుంది. పడమటి ఎండ తగిలే గోడ వద్దు. బయటి తేమ దిగే గోడ వద్దు. పూజగది పక్క గోడ అసలు వద్దు, కర్పూరం మసి, అగరుబత్తి పొగ అద్దం సందుల్లోంచి లోపలికి చేరతాయి.

మరొక మాట. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె పూసి కాపాడతారని మనవాళ్లకు తెలుసు. తిరుపతిలో తాళపత్ర గ్రంథాలు చూసినవారు ఎక్కువ కాబట్టి కాగితానికీ అదే మంచిదనుకునేవారు ఉన్నారు. తాటాకు వేరు, కాగితం వేరు. నూనె తగిలితే కాగితం పాడవుతుంది. కలరా ఉండలు కూడా చట్రంలో పెట్టవద్దు.

సుంకం, చట్టం

విదేశం నుంచి తెప్పించేటప్పుడు అచ్చుపటాలకు 4905 సుంకపు శీర్షిక, వందేళ్లు దాటిన పురాతన వస్తువులకు 9706 శీర్షిక వర్తిస్తాయి. ఈ రెండింటికీ సుంకం, పన్ను లెక్క వేరు కావచ్చు. అమ్మేవారు చీటీ మీద ఏ శీర్షిక రాస్తారో, వయసుకు ఏ ఆధారం జతచేస్తారో డబ్బు చెల్లించకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలు సామానుతో తెచ్చేటట్లయితే, అక్కడ 1986 నాటి సాంస్కృతిక వారసత్వ చట్టం కింద కొన్ని వస్తువులను దేశం దాటించడానికి అనుమతి కావాలి. ఆ ఏర్పాటు అమ్మేవారినే చూడమనండి.

మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను సొంతంగా బయటికి పంపడాన్ని నిషేధిస్తుంది. ఇక్కడికి తెచ్చిన పాత పటాన్ని రేపు పిల్లల దగ్గరకు తిరిగి పంపాలంటే పురావస్తు శాఖను సంప్రదించవలసి వస్తుంది. కుటుంబం రెండు దేశాల్లో ఉంటే ఈ విషయం ముందే ఆలోచించండి. మెల్‌బోర్న్‌లోని కూతురికి ఇవ్వదలచిన పటాన్ని మెల్‌బోర్న్‌లోనే కొనివ్వడం మేలు.

ఎవరికి ఏది

బడి గోడకు నకలే సరైనది. పిల్లలు వేలు పెట్టి చూడాలి, అద్దం మీద గీతలు పడాలి. కుక్ న్యూజీలాండ్ పటం, ఫ్లిండర్స్ పటం అసలు కొలతలో వేయిస్తే ఏడాది పాఠానికి సరిపోతాయి.

అపార్టుమెంటులో ఉండి, అసలుదే కావాలనే కోరిక బలంగా ఉంటే బెల్లిన్ చిన్న పటం. ఒక అడుగు గోడ చాలు.

సొంత ఇల్లు, పెద్ద హాలు, చదివే అలవాటు ఉంటే అడ్మిరాల్టీ పటం. ఏ తీరమన్నది మీ ఇష్టం. మెజెలాన్ జలసంధి పటాలు ఎక్కువ దొరుకుతాయి. కెర్గ్యులెన్ పటం కోసం ఓపిగ్గా వెతకాలి.

పెట్టుబడి కోసం కొనాలనుకునేవారికి నేను ఏ పటమూ సూచించను. ధర పెరుగుతుందో లేదో అన్న బెంగతో చూసే కన్ను లోతు అంకెలను చదవలేదు.

డచ్చి రంగుల పటం మీద మనసు నిలిచిపోయినవారిని ఆపను. మొదట రెండేళ్లు ఒక చవక అడ్మిరాల్టీ పటాన్ని మీ గోడ మీద పెట్టి చూడండి. రెండు ఈశాన్య రుతుపవనాలు దాటాక దాని అంచులు, మచ్చలు పరీక్షించండి. ఆ గోడ ఆ పటాన్ని బాగా చూసుకుంటే అప్పుడు డచ్చి పటం తెప్పించండి.

చేతికి వచ్చాక

గొట్టంలో వచ్చిన పటాన్ని వెంటనే విప్పవద్దు. రెండు రోజులు గదిలో అలాగే ఉంచి, గది గాలికి అలవాటు పడనివ్వండి. తరువాత శుభ్రమైన బల్ల మీద నెమ్మదిగా పరచి, అంచుల్లో ఇసుక నింపిన చిన్న గుడ్డ సంచులు పెట్టండి. కిటికీ వెలుగుకు పట్టి చూడండి. 1750కి ముందుదని చెప్పిన పటంలో సన్నని సమాంతర గీతల జాడ కనిపించాలి. జాడలేని నున్నటి కాగితం వాడుకలోకి వచ్చింది ఆ తరువాతే. రాగిరేకు అచ్చయితే బొమ్మ చుట్టూ రేకు ఒత్తిన పల్లపు అంచు వేలికి తగులుతుంది, దాన్ని కత్తిరించి ఉంటే తప్ప. భూతద్దంలో గీతలు చుక్కలుగా విడిపోతే అది ఈ కాలపు నకలు.

ఇవన్నీ చూశాక, అమ్మినవారు చెప్పిన మాటకూ మీరు చూసినదానికీ తేడా ఉంటే చట్రం వేయించకముందే తిప్పి పంపండి. తేడా లేకపోతే పటం మీద తీరం గీత ఎక్కడ తెగి చుక్కలుగా మారిందో వెతకండి. కొలిచిన ఓడ అక్కడి నుంచే వెనక్కు తిరిగింది.